పొత్తిగుడ్డల అవ్వ

మొన్న సూర్యాపేట బస్టాండుల ఒక పెద్ద ఇనుప డబ్బా పెట్టిండ్రు. మీకు అక్కర లేని పాత బట్టలు ఇందులో వేయండి, లేనివాళ్ళకు చేరుస్తాం అని దాని మీద రాసి ఉన్నది. మంచి పనే, ఎవరు కాదంటరు. నేను పింఛను పని చూసుకొని ఇంటికి పోయే బస్సు కోసం ఆ డబ్బా పక్కన బెంచీ మీద కూసున్న. ఒకాయన స్కూటరు మీద వచ్చిండు. బండి బందు చెయ్యకుండనే సంచి తీసి డబ్బా నోట్ల కుక్కి, చేతులు దులుపుకొని పోయిండు. ఆయన్ను ఎవరూ ఆపలే, ఎవరూ ఏమీ అడగలే.

నా చెవులకు మాత్రం ఒక గొంతు వినపడ్డది. "ఆగు బిడ్డా, ఆ చీరె ఎవరిది? ఆమె ఉన్నదా, పోయిందా? పిల్లలెంతమంది ఆమెకు? అందరు మంచిగున్నరా?"

ఆ గొంతు పోయి చాన ఏండ్లయింది. నా బస్సు వచ్చింది, పోయింది గూడ. నేను ఎక్కలే.

ఆమె పేరు నాకు తెల్వదు. ఇది ముందుగాలనే చెప్తున్న, తర్వాత నన్ను తప్పు పట్టొద్దు. నేను సర్కారు ఎర్రబస్సుల కండక్టరుగ చేసి రిటైరైనోన్ని. ఎనభైలల్ల, తొంభైలల్ల నా నౌకరి ఎక్కువ పాలు ఒక్క రూటు మీదనే నడిచింది. సూర్యాపేటల బయలెల్లి మునగాల మీదికెల్లి కోదాడ, కోదాడ నుంచి హుజూర్‌నగర్, ఆడికెల్లి మిర్యాలగూడ. మల్ల అదే తొవ్వల వాపసు. నడుమ నడుమ వేరే రూటు ఏసినా, తిరిగి తిరిగి ఇదే నా మెడకు పడేది. రోజు ఎక్కేటోళ్ళు, అంగడి నాడు ఎక్కేటోళ్ళు, టికెట్ అడగంగనే గురక పెట్టేటోళ్ళు, అందరు నాకు ఎరుకే. వాళ్ళందరిల ఈమె ఒక్కతే నన్ను బస్సుల నుంచి ఇంటిదాక వెంబడించింది.

సన్నగ, పొట్టిగ ఉండేది. నెత్తి నెరిసింది గని నడుము వంగలే. ఎప్పుడు సూసినా నీలం అంచు నూలు చీరె. ఉతికి ఉతికి ఆ నీలం ఎటు పోయిందో పోయింది, దాని జాడ మాత్రం మిగిలింది. సంకల ఒక మూట. ఆమె సీటు డ్రైవరు ఎనక కిటికీ పక్కది. అండ్ల ఇంకెవరన్న కూసుంటే పక్కన నిలబడి వాళ్ళ మొఖం దిక్కే సూసేది. ఏమనేది కాదు, ఊకె సూసేది. మునగాల రాకముందుకే వాళ్ళే లేసి పోయేటోళ్ళు.

మా మొదటి జగడం ఆ మూట కాడనే అయింది. బస్సు కిక్కిరిసి ఉన్నది. "అవ్వా, ఆ మూట కింద పెట్టు, పక్కన ఇంకో మనిషి కూసుంటడు" అన్న.

"కింద పెట్ట."

"పైన రాక్ మీద పెట్టు మరి."

"పైన కోళ్ళ గంప ఉన్నది. రెట్ట పడితే నువ్వు ఉతుకుతవా?"

"ఇదెక్కడి పరేషానే నీతోని! మూటను ఒళ్ళె పెట్టుకొని కూసుంటరా ఎవరన్న?"

"సంటిపిల్లను ఒళ్ళె పెట్టుకోరా?"

"పిల్లనా అది?"

"పిల్లలు కట్టుకునేటివి. కాళ్ళ కింద పెట్టుమంటవా? నీ తల్లి నిన్ను దేంట్ల సుట్టిందో పోయి అడుగు ఆమెను."

బస్సంత నవ్వింది. నేను గూడ నవ్విన గని లోపల మండింది. పొద్దుగూకి ఇంటికి పోయినంక నిజంగనే మా అమ్మను అడిగిన. మా అమ్మ బియ్యం చెరుగుకుంటనే, "మీ నాయినమ్మ పాత చీరెల సుట్టిన. సంటిపిల్లకు కొత్తది కడతరా ఎవరన్న?" అన్నది.

మా దిక్కు అంతే. పుట్టిన పిల్లకు పురుడు ఎల్లేదాక కొత్త బట్ట ముట్టియ్యరు. మెత్తబడ్డ పాత నూలు గుడ్డలనే సుడతరు. వాటిని పొత్తిగుడ్డలంటరు. అవి గూడ ఎవరివి పడితే వాళ్ళవి కావు. నిండుగ బతికినోళ్ళవి, పిల్లజెల్ల సల్లగున్నోళ్ళవి కావాలె. వాళ్ళ ఆయుష్షు గుడ్డతోని పిల్లకు వస్తదని. ఉన్నోళ్ళ ఇండ్లల్ల ఇదేం పెద్ద సంగతి కాదు, ముసలామె పెట్టె తెరిస్తే దొరుకుతది. సూర్యాపేట సర్కారు దవాఖానకు పురిటికి వచ్చే కూలోళ్ళకు ఏడ దొరకాలె? ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి, రెండే చీరెలు. ఒకటి చింపి పిల్లకు సుడితే ఇగ కట్టుకునేదేంది?

అందుకని ఈమె తిరిగేది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, పెద్ద ముసలోళ్ళున్న ఇల్లు ఏడున్నదో ఆమెకు పోస్ట్‌మన్ కంటే ఎక్కువ తెలుసు. పాత చీరెలు, పంచెలు అడుక్కొచ్చి, సోడా ఏసి ఉడకబెట్టి, ఎండల ఆరేసి, సైజుకు చింపి, దవాఖానల పురిటి వార్డుల ఇచ్చి వచ్చేది. ఎవరు చెప్పలే ఆమెకు ఈ పని, ఎవరు పైస ఇయ్యలే. దవాఖాన ఎనక గోడకు ఆనిచ్చి వేసిన రేకుల అర్రల ఉండేది. పూటకు రెండిండ్లల్ల గిన్నెలు తోమి కడుపు నింపుకునేది.

మిర్యాలగూడల బస్సు ఆగినప్పుడు నేను ఒకసారి ఆమె ఎంబడి పోయిన, ఏం చేస్తదో సూద్దామని. ఒక రైస్ మిల్లు ఆసామి ఇల్లు. ఇంటి కోడలు గేటు కాడికి ఒక చీరెల కట్ట తెచ్చి ఇచ్చింది. ఈమె తీసుకోలే. ముందు మొదలుపెట్టింది ఎవరిది, ఏమిది అని. ఆ కోడలు ఒక్కొక్కటి చెప్పుకుంట పోయింది. ఒక చీరె కాడ ఆగి, "ఇది మా ఆడబిడ్డది" అన్నది. "ఏమైంది ఆమెకు?" అని ఈమె అడిగింది. కోడలు తల దించుకున్నది. ఈమె ఆ చీరెను మంచిగ మడతపెట్టి, రెండు చేతులతోని వాపసు ఇచ్చి, "ఇది దాసుకో బిడ్డా. ఇంట్లనే ఉండనీ" అన్నది. మిగిలినయి ఒక్కొక్కటి చెంపకు ఆనిచ్చుకొని సూసింది. చేతితోని సూస్తే తెల్వదంట, చెయ్యి మొద్దు బారి ఉంటదంట. చెంపకు గుచ్చుకుంటే అది పక్కకు.

కత్తెర ముట్టేది కాదు. పండ్లతోని అంచుకు గాటు పెట్టి సర్రున చింపేది. కత్తెరతోని కోసిన అంచు పిల్ల ఒంటికి గీసుకుంటదంట, చింపిన అంచుకు పోగులు లేసి మెత్తగుంటదంట. బస్సుల కూసొని గూడ ఆ పనే. ఇంజను మోతల గూడ ఆ సప్పుడు నాకు వినపడేది. "అవ్వా, ఎవరి చీరెనో చింపుతున్నవ్, పాపం గాదా?" అని ఎగతాళి చేస్తే, "చింపకపోతే ముసలామె ఒక్కతిదే. చింపితే పదిమంది పిల్లలది" అనేది.

నా బిడ్డ ఆ దవాఖానలనే పుట్టింది. నేను డ్యూటీ దిగి ఉరికేసరికి అవ్వ వార్డు ముంగట నిలబడి ఉన్నది. "ఆడపిల్ల. నీ ముక్కే. హుజూర్‌నగర్ పెద్దవ్వ చీరె తీసి పెట్టిన నీ బిడ్డ కోసం, మునిమనుమండ్లను ఎత్తిన మనిషి" అన్నది. సంబురంల నా నోటికి అదుపు లేకపాయె. "ఆ పెద్దవ్వదెందుకు అవ్వా, నీ చీరెనే సుట్టకపోయినవా? దానికంటే మెత్తగుంటది" అన్న.

ఆమె మొఖం మాడిపోయింది. మూట సంకల పెట్టుకొని మర్లిపోయింది.

తర్వాత ఎప్పుడో, మునగాల దాటినంక, నేనేమీ అడగకముందే చెప్పింది. కిటికీల నుంచి బయటికి సూసుకుంట చెప్పింది. ఆమెకు పిల్లలు కాలేదు. మందులు తాగింది, మొక్కులు మొక్కింది, ఏదీ కాలేదు. ఆ ఇంట్లనే తోటికోడలుకు కొడుకు పుట్టిండు. సలికాలం. పిల్లగాడు దుప్పటి తన్నేసి వణుకుతుంటే ఈమె దగ్గర పండుకొని కొంగు తీసి కప్పింది. కప్పినంక వానికి నిద్ర పట్టింది. అత్త సూసి కొంగు గుంజి పారేసి, "నీ బట్ట తగిలితే వీని బతుకేం గావాలె" అని పిల్లగానికి పసుపు నీళ్ళు పోసిందంట. ఆ సలిల పోసిందంట. ఇంకో పెండ్లి చేసుకుంటనని మొగడు అన్న నాడు ఈమె అంత బాధ పడలేదంట.

"వాడు ఏడిసిన ఏడుపు ఇంకా వినొస్తది నాకు" అన్నది.

"మరి ఈ గుడ్డలన్ని నీ చేతుల మీదికెల్లే పోతున్నయ్ గదనే" అన్న నేను.

"గుడ్డ నాది కాదు. చెయ్యే నాది. చెయ్యి కడుక్కుంటే పోతది."

ఆమెకు ఎంత కోపం రావాలె ఆ అత్త మీద! నాకైతే బస్సు ఆపి ఆ ముసల్దాన్ని వెతికి దులపాలనిపించింది. ఈమెకు కోపం లేదు. అత్త అన్నదాన్ని నమ్మింది, అదే నాకు సహించలే. తన పాత చీరె పోగు ఒక్కటి గూడ ఆ మూటల కలవకుంట, దండెం మీద గూడ తనది ఎడంగ ఆరేసుకునేది.

ఇగ ఆ దినం సంగతి చెప్పాలె.

అప్పటికి ఊర్లల్ల టెర్లిన్, నైలాన్ చీరెలు దిగినయ్. ఉతికితే నలగవు, ఇస్త్రీ అక్కర లేదు, ఆడోళ్ళకు బాగ నచ్చినయ్. అవ్వకు గండం వచ్చి పడ్డది. ఆ దినం మిర్యాలగూడల ఇల్లిల్లు తిరిగి ఒట్టి చేతులతోని బస్సెక్కింది. మూట కట్టే గుడ్డ గూడ మడతపెట్టి సంకల పెట్టుకున్నది. అది గూడ గోనెపట్టా. "ముసలోళ్ళు గూడ నైలాన్ కడుతున్నరు కొడుకా. పుట్టేటోళ్ళను ఇగ దేంట్ల సుట్టాలె? కాయిదంలనా?" అని ఊరంతటి మీద మండిపడ్డది.

ముసురు పట్టింది. బస్సుల జనం పలుచగ ఉన్నరు. హుజూర్‌నగర్ ఇంకా దూరం ఉన్నదనంగ ఒక తండా స్టేజీ కాడ లంబాడోళ్ళ ముసలామె చెయ్యెత్తింది. కోడలుకు నొప్పులు, హుజూర్‌నగర్ దవాఖానకు పోవాలె. ఎక్కిచ్చినం. ఆ పిల్ల "యాడీ, యాడీ" అని తల్లిని తలుసుకుంట సీటు కమ్మీ పట్టుకున్నది. జరంత దూరం పోయినమో లేదో ఇగ దవాఖాన దాక ఆగేటట్టు లేదని అవ్వకు తెలిసిపోయింది. "బస్సు ఆపు. మొగోళ్ళందరు దిగుండ్రి" అని ఆర్డరేసింది. డ్రైవరు గూడ దిగిండు. వానల నిలబడ్డం అందరం.

లోపల నుంచి పిల్ల ఏడుపు వినపడ్డది. సన్నగ, తెగి తెగి. మాకు సంతోషమైంది. అంతల్నే అవ్వ గొంతు. "కండక్టరయ్యా! మెత్తటి గుడ్డ ఏదన్న అడుగు అందర్ని!"

నా ఖాకీ అంగి టెర్లిన్‌ది, తడిసింది గూడ. ఒకాయన భుజం మీద తువాల తీసి ఇచ్చిండు. నేను తీసుకపోయి మెట్ల కాడ అందిచ్చిన. అవ్వ వాసన సూసి ఇసిరికొట్టింది. పత్తికి మందు కొట్టొచ్చిన తువాల అది. బస్సుల ఉన్న ఆడోళ్ళవన్ని నైలాన్ చీరెలే, లంబాడి ముసలామె ఒంటి మీద అద్దాలు, గవ్వలు కుట్టిన మొద్దు బట్టలు. బాలింత లంగా సంగతి ఇగ చెప్పేదేమున్నది. పసిది సీటు మీద పండుకొని, నీలమెక్కి, తడితోని వణుకుతున్నది. అవ్వ రెండు చేతులు గాలిల పెట్టుకొని నిలబడ్డది. పిల్లను ఎత్తుకుంటలేదు.

"అవ్వా, నీ చీరె..." అన్న నేను.

"వద్దు" అన్నది. "నాది వద్దు కొడుకా. ఇంకేదన్న సూడు. నీ కాళ్ళు మొక్కుత, ఇంకేదన్న సూడు."

"ఇంకేం లేదే! పిల్ల సచ్చిపోతది!"

అట్ల మొత్తుకున్నందుకు తర్వాత నాకే ఏడుపొచ్చింది. ఆమె కండ్లు మూసుకున్నది. కొంగు అందుకొని పండ్ల మధ్య పెట్టింది. సర్రుమన్నది. ఎన్నిసార్లు విన్ననో ఆ సప్పుడు, ఆ దినం మాత్రం నా గుండెల అయింది. సగం చీరె చింపి పిల్లను తుడిచింది, సుట్టింది, ముసలామె చేతుల పెట్టి ఎనకకు జరిగింది. మిగిలిన సగాన్ని ఒంటికి సుట్టుకొని ఆఖరు సీట్ల పోయి కూసున్నది. పిల్ల జరసేపటికి ఎర్రబడ్డది. ఏడుపు గట్టిగైంది. హుజూర్‌నగర్ దవాఖానల దింపినం. తల్లిపిల్ల క్షేమం.

సూర్యాపేటల దిగెటప్పుడు నా చెయ్యి పట్టుకున్నది. "ఒట్టెయ్యి. నేను ఎవరో, ఏడుంటనో వాళ్ళకు చెప్పనని ఒట్టెయ్యి. నాకు పిల్లలు లేరని తెలిస్తే ఆ తల్లి ఏమైపోతది? పిల్లకు జ్వరమొచ్చినప్పుడల్లా నన్నే తలుసుకుంటది." నా బిడ్డ మీద ఒట్టేయించుకున్నది.

ఆనాటి నుంచి ఆ తండా స్టేజీ వస్తున్నదంటే ఆమె సీటు మారేది. స్టేజీ ఎడమ దిక్కైతే కుడి దిక్కు పోయి కూసొని, మొఖం అటు తిప్పుకొని, కొంగు నెత్తి మీదికి గుంజుకునేది. తన కన్ను గూడ ఆ ఊరు మీద పడొద్దని. స్టేజీ దాటి, డొంక దాటి, ఇగ కనపడదు అన్నంక నా దిక్కు తిరిగేది. అడిగేది కాదు. కండ్లతోనే సూసేది. నేను "మంచిగున్నది" అనేటోన్ని. నిజంగనే మంచిగున్నది. తల్లి సంకల ఎక్కి వచ్చేది, తర్వాత తల్లి ఏలు పట్టుకొని ఎక్కింది, తర్వాత పలక సంచితోని. ఆ మాట వినంగనే అవ్వ గుండెల మీద చెయ్యి పెట్టుకొని ఒక ఊపిరి ఇడిసేది.

ఆ తల్లి గూడ నన్ను అడిగింది. "సారూ, ఆ అవ్వ ఏడుంటది? మా పిల్లను సూపించాలె" అని. తెల్వదన్న. మల్ల మల్ల అడిగింది. మల్ల మల్ల తెల్వదన్న. ఒట్టు ఒట్టే గద.

పిల్ల పెద్దగయింది. హుజూర్‌నగర్‌ల బడి, బస్సు పాసు. ఒక సాయంత్రం బస్సు నిండుగ ఉన్నది. నేను చిల్లర ఇచ్చుకుంట తల ఎత్తి సూసేసరికి ఆ పిల్ల పోయి అవ్వ పక్కనే కూసున్నది, ఎవరో తెల్వక. అవ్వ గూడ ముందు గుర్తుపట్టలే. పాసు సూపించుమని నేను అడిగినప్పుడు పిల్ల తండా పేరు చెప్పింది. అవ్వ నా దిక్కు సూసింది. నేను తల ఊపిన. ఆమె కొంగు అంచును దగ్గరికి గుంజి, కుచ్చిళ్ళు మలిచి, కిటికీ రేకుకు అతుక్కపోయింది. తన బట్ట పిల్లకు తగలొద్దని. ఏం చెప్పాలె నేను ఆమెకు? బస్సు కుదుపులకు పిల్లకు నిద్ర పట్టింది. తల మెల్లగ ఒరిగి ఒరిగి పోయి అవ్వ భుజం మీద ఆనింది.

అవ్వ కదలలే. ఊపిరి గూడ మెల్లగ తీసింది. ఆనాడు నేను టికెట్లు కొట్టుడు ఇడిసిపెట్టి అదే సూసుకుంట నిలబడ్డ. ఎదురుంగ కూసున్నామె, "పిల్ల మీద పడ్డది, లేపు అవ్వా" అంటే, వద్దని తల అడ్డంగ ఊపింది, ఏలు పెదవుల మీద పెట్టుకొని. తండా వచ్చింది. నేనే మెల్లగ పిలిసి లేపిన. పిల్ల దిగి ఉరికింది. అవ్వ ఆ దినం మొఖం తిప్పుకునుడు మరిచిపోయింది. పిల్ల పోయిన దిక్కే సూసింది. తర్వాత తన భుజం మీద, పిల్ల తల ఆనిన కాడ, చెంప ఆనిచ్చుకొని మిర్యాలగూడ దాక అట్లనే కూసున్నది.

మల్ల పదిహేను దినాలు బస్సెక్కలే. ఎక్కినంక మొదటిమాట, "పిల్లకు జ్వరం గిట్ల రాలే గద?"

తొంభైల ఆఖరుకు అవ్వ మూట చాన చిన్నగయింది. నూలు దొరకదాయె. కండ్లు సరిగ కనపడకున్నా చెంప మాత్రం మోసపోలే. ఒక పొద్దు నేను సూర్యాపేటల డ్యూటీ ఎక్కుతుంటే దవాఖాన ఆయమ్మ వచ్చి చెప్పింది. "నీ మూటలవ్వ పోయింది. నిద్రల్నే. జరసేపట్ల తీస్తరు. చుట్టాలు లేరు, వాడకట్టోళ్ళమే చందాలేసుకున్నం." డ్యూటీ ఇడిసే ఈలు లేదు, బదిలీకి మనిషి లేడు. పగటియాల్లకు వాపసు వస్త, అప్పటిదాక ఉంచుండ్రి అని బతిమిలాడి బస్సెక్కిన.

తొవ్వ పొడుగుత ఒకటే తలపు. ఆడిమనిషి పోతే పుట్టింటోళ్ళు చీరె తెచ్చి కప్పాలె. ఈమెకు ఎవరు తెస్తరు? తండా స్టేజీ కాడ ఆ పిల్ల తల్లి మక్క కంకులు అమ్ముకుంట కూసున్నది. నేను దిగిన. ఇగ ఒట్టు లేదు. "నీ బిడ్డ బస్సుల పుట్టిన నాడు చీరె చింపిచ్చిన అవ్వ పోయింది. ఆ ముక్క ఉంటే ఇయ్యి. వాపసు వచ్చెటప్పుడు తీసుకపోయి ఆమె మీద కప్పుత" అన్న.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకున్నది.

వాపసు వచ్చేసరికి స్టేజీ కాడ తల్లీబిడ్డ ఇద్దరు నిలబడి ఉన్నరు. చేతుల ఏం లేదు. నాకు మనసు చివుక్కుమన్నది. ఎన్నటిదో పాత పేలిక, ఎందుకు దాస్తరులే అనుకున్న.

"తేలేకపోయిన సారూ" అన్నది. "అది మా తండాల పై దిక్కు గుడిసెల ఉన్నది. మొన్ననే కాన్పయింది ఆడ. దాంట్ల పిలగాడు పండుకున్నడు."

నాకు సమజు కాలే. ఆమె బస్సుల కూసొని ఏడుసుకుంట చెప్పింది. అంతకుముందు ఆమెకు పుట్టినోళ్ళు దక్కలేదంట. బస్సుల పుట్టినదే నిలిచింది. ఆ గుడ్డ మహిమనే అని అత్త దాన్ని పెట్టెల దాసింది. తర్వాతి కాన్పుకు అదే తీసింది. ఆడబిడ్డ అడిగితే ఇచ్చింది. ఆమె నుంచి ఇంకో ఇంటికి. ఇగ తండాల ఎవరు కన్నా ముందు ఆ గుడ్డలనే సుట్టి, ఆ తర్వాతనే వేరేది కడుతరంట. పిగిలిన కాడల్లా ఎర్రదారం, పచ్చదారం ఏసి, కింద ఇంకో గుడ్డ పెట్టి ఆడోళ్ళందరు కుట్టుకుంట వచ్చిండ్రు. ఇప్పుడు దాంట్ల చీరె ఎంత, కుట్టు ఎంత అంటే చెప్పలేరంట.

"ఆమెకు పిల్లలు లేరు" అన్న నేను. ఎందుకన్ననో తెల్వదు.

"ఉంటే ఏంది, లేకుంటే ఏంది సారూ" అన్నది ఆమె. "మాకు ఒక్కసారి సూపియ్యకపోతివి."

 ఆ స్టేజీ కాడ మొఖం తిప్పుకొని కూసున్న మనిషే నా కండ్ల ముందల ఉన్నది. ఆమె ఇటు సూసి ఉంటే, ఏ ఇంటి దండెం మీదనో, ఏ తల్లి ఒళ్ళెనో ఆ నీలం అంచు కనపడకపోవునా!

రేకుల అర్ర ముంగట అవ్వను పండబెట్టిండ్రు. పిల్ల దగ్గరికి పోయి మొఖం సూసి, "ఈ అవ్వ మీద నేను ఒకసారి నిద్రపోయిన. లేపలే నన్ను" అన్నది తల్లితోని. తల్లి కోదాడల దిగి ఉరికి కొన్న నూలు చీరెను పిల్ల చేతనే కప్పిచ్చింది.

పాడె లేసింది. వల్లకాడుకు ముందు దింపుడు కల్లం కాడ దించిండ్రు. ఆడోళ్ళు ఆడిదాకనే వస్తరు. పానం ఇంకా ఏ మూలనన్న ఉంటే పిలుపు విని లేస్తరేమోనని, కావలసినోళ్ళు చెవుల పేరు పెట్టి పిలవాలె. "ఎవరన్న పిలువుండ్రి, ఆలస్యమైతది" అన్నడు డప్పు కొట్టేటాయన. ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. పేరు ఎవరికీ తెల్వదు.

నేను మోకాళ్ళ మీద కూసున్న. చెవి దగ్గర నోరు పెట్టిన.

"అవ్వా" అన్న. "తండాల నీ చీరెనే సుడుతున్నరే అందరికి. ఇప్పుడు గూడ దాంట్ల పిలగాడు పండుకున్నడు. సల్లగున్నడు."

చెప్పి, అందరి లెక్కనే నేను గూడ జరసేపు ఆమె మొఖం దిక్కు సూసుకుంట ఆగిన. మల్ల పాడె ఎత్తిండ్రు.